పెద్ద పుస్తకానికి మాస్టర్ డాక్యుమెంటు: రైటర్‌లో అధ్యాయాలు విడగొట్టడం, మళ్లీ కలపడం

ట్రంకురోడ్డు నెల్లూరులోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. రెండుచోట్లా డీటీపీ చేసేవాళ్లకు బాగా తెలిసిన తిప్పలు ఒకటే. 400 పేజీల పుస్తకం, నిండా ఫోటోలు, మొత్తం ఒకటే ఫైలు. తెరుచుకోవడానికే బోలెడు సేపు. రెండో అధ్యాయంలో ఒక ఫోటో కాస్త పైకి జరిపితే ఆ కిందివన్నీ చెల్లాచెదురు. ఇద్దరు కలిసి పనిచేద్దామంటే ఒకరు ముగించేదాకా రెండోవారు ఖాళీగా కూర్చోవాలి. పోనీ అధ్యాయానికో ఫైలు చేద్దామా అంటే పేజీ నంబర్లు చేత్తో వేయాలి, విషయసూచిక చేత్తో కొట్టాలి. చివర్లో ముందుమాట రెండు పేజీలు పెరిగిందంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

వర్డ్‌లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ రైటర్‌లో మాస్టర్ డాక్యుమెంటు ఉన్నది ఇందుకే. అధ్యాయాలు ఎవరి ఫైళ్లలో వారివి ఉంటాయి, మామూలు ఓడీటీ ఫైళ్లు. వాటన్నిటినీ వరసలో పట్టుకుని ఉండే ఫైలు వేరేగా ఒకటి ఉంటుంది, దాని ముగింపు ఓడీఎం. పేజీ నంబర్లు, విషయసూచిక, పదసూచిక, ఫుట్‌నోట్ల వరస, బొమ్మల నంబర్లు అన్నీ ఆ ఓడీఎంలోనే తేలతాయి. రైటర్ ఉచితం కాబట్టి అధ్యాయాలు రాసేవాళ్లందరి దగ్గరా ఒకే ప్రోగ్రాము ఉండేలా చూసుకోవచ్చు. ఈ పద్ధతిలో అది చాలా ముఖ్యం.

ఇది అందరికీ అవసరం లేదని ముందే చెప్పాలి. ఒక్కరే రాస్తున్న 150, 200 పేజీల థీసిస్‌కు మాస్టర్ అక్కర్లేదు. ఒకే ఫైలులో హెడింగ్ స్టైళ్లు (శీర్షికల ఫాంటు, సైజు, రంగు ఒక పేరు కింద దాచిన అమరికలు) సరిగ్గా పెట్టుకుని, ఎఫ్5 నొక్కి నావిగేటర్‌లో, అంటే శీర్షికల జాబితా చూపే కిటికీలో, శీర్షికను పట్టి లాగితే దానికింది పాఠంతో సహా జరుగుతుంది, అది చాలు. మాస్టర్ పనికొచ్చేది మూడు సందర్భాల్లో: రాసేవాళ్లు ఎక్కువమంది ఉన్నప్పుడు, ఫోటోలతో ఫైలు బరువెక్కినప్పుడు, ఒక అధ్యాయాన్నే విడిగా చిన్న పుస్తకంగానో సావనీర్‌లోనో మళ్లీ వాడుకోవాలనుకున్నప్పుడు.

ఉదాహరణకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ల చరిత్ర అనుకుందాం. ఉదయగిరి కోట గురించి ఒకరు, పులికాట్ గురించి ఒకరు, చీమకుర్తి గ్రానైట్ గురించి ఇంకొకరు రాస్తున్నారు. ఇట్లాంటి పుస్తకంలో అధ్యాయాలు చోట్లు మారుతూనే ఉంటాయి. కందుకూరునే చూడండి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి అందులోకి పోయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు మళ్లీ నెల్లూరులోకి వచ్చింది. జిల్లాలవారీగా కూర్చిన పుస్తకంలో ఆ అధ్యాయాన్ని ఎత్తి ఇంకోచోట పెట్టాల్సి వస్తే, ఒకే ఫైలులో అది కట్, పేస్టు, తరవాత అరపూట సర్దుడు. మాస్టర్‌లో అయితే నావిగేటర్‌లో ఒక లైనును పైకి జరపడమే.

ముందు ఫోల్డరు

డి డ్రైవులో ఒక ఫోల్డరు. పుస్తకానికి సంబంధించినదంతా అందులోనే ఉండాలి: ఓడీఎం, అధ్యాయాల ఓడీటీలు, బొమ్మలకు లోపల ఇంకో ఫోల్డరు. ఫైలు పేర్ల ముందు నంబర్లు పెట్టండి, 1, 2, 3 కాకుండా 10, 20, 30 అని. మధ్యలో కొత్త అధ్యాయం వస్తే 25 అని దూర్చొచ్చు, మిగతా పేర్లు ముట్టుకోనక్కర్లేదు. పేరు ఒకసారి పెట్టాక మార్చకూడదు. మాస్టర్ ఆ ఫైలును వెతుక్కునేది పేరుతోనే.

టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లోకి వెళ్లి ఫైల్ సిస్టమ్‌కు రిలేటివ్‌గా యూఆర్ఎల్‌లు సేవ్ చేసే గడి టిక్కు పెట్టి ఉందో లేదో చూడండి. మామూలుగా ఉంటుంది. ఉంటే ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని కావలి తీసుకెళ్లినా, మార్కాపురం తీసుకెళ్లినా లింకులు తెగవు. టిక్కు లేకపోతే ఆ సిస్టంలో ‘డి డ్రైవులో ఫలానా ఫోల్డరు’ అని వెతికి, దొరక్క, ఖాళీ చూపిస్తుంది. ఓడీఎం డి డ్రైవులో, అధ్యాయం డెస్క్‌టాప్ మీద అంటే సి డ్రైవులో ఉన్నా ఇదే గతి. రెండు డ్రైవుల మధ్య రిలేటివ్ దారి ఉండదు.

టెంప్లేటు: అసలు పనంతా ఇక్కడే

మాస్టర్ డాక్యుమెంటు పాడైంది, పనిచేయలేదు అని వదిలేసినవాళ్లలో ఎక్కువమంది టెంప్లేటు, అంటే స్టైళ్లన్నీ ముందే పెట్టి ఉంచిన నమూనా ఫైలు, లేకుండా మొదలుపెట్టినవాళ్లే. నియమం సులువు. మాస్టర్‌లోనూ అధ్యాయంలోనూ ఒకే పేరున్న స్టైలు ఉంటే మాస్టర్‌లోదే చెల్లుతుంది. అధ్యాయంలో హెడింగ్ 1 ఎరుపు, 24 పాయింట్లు అని ఉన్నా, మాస్టర్‌లో నలుపు, 20 అని ఉంటే పుస్తకంలో నలుపే వస్తుంది. అధ్యాయం ఫైలు మాత్రం మారదు, విడిగా తెరిస్తే ఎరుపే కనపడుతుంది. దీంతో జనం కంగారుపడతారు. అధ్యాయంలో మాత్రమే ఉన్న సొంత స్టైలు అయితే మాస్టర్‌లోకి దిగుమతి అవుతుంది. ఇద్దరు రచయితలు ‘పద్యం’ అని ఒకే పేరుతో వేర్వేరు స్టైళ్లు చేసుకుంటే ముందు చేరినవారిది నిలుస్తుంది, రెండోవారి పద్యాలు వేరొకరి ముస్తాబులో కనపడతాయి.

కాబట్టి ఒక్క అధ్యాయం కూడా రాయకముందే టెంప్లేటు చేసుకోండి. కొత్త ఖాళీ డాక్యుమెంటు తెరిచి ఇవి పెట్టండి.

పేజీ సైజు. 1/8 డెమ్మీ అయితే వెడల్పు 5.5 అంగుళాలు, ఎత్తు 8.5. లేఅవుట్‌లో మిర్రర్డ్ ఎంచుకుంటే కుట్టు వైపు మార్జిన్ ఎడమ, కుడి పేజీల్లో తనంతట తానే మారుతుంది. లోపలి వైపు 0.8 అంగుళం, బయట 0.6 ఉంచితే బైండింగు అక్షరాలను మింగేయదు.

అధ్యాయం కొత్త పేజీలో మొదలవడం. హెడింగ్ 1 స్టైలు మీద రైట్ క్లిక్, ఎడిట్, టెక్స్ట్ ఫ్లో ట్యాబు. అక్కడ బ్రేక్స్ కింద ఇన్సర్ట్ టిక్కు, పేజ్, బిఫోర్, ఆపైన విత్ పేజ్ స్టైల్ దగ్గర ఫస్ట్ పేజ్. ఫస్ట్ పేజ్ స్టైలుకు నెక్స్ట్ స్టైలుగా డిఫాల్ట్ పేజ్ స్టైల్ ఇవ్వండి. దీంతో అధ్యాయం మొదటి పేజీలో హెడరు ఉండదు, రెండో పేజీ నుంచి వస్తుంది. అక్కడే పేజీ నంబరు గడి ఒకటి ఉంటుంది, దాన్ని స్టైలులో ముట్టుకోవద్దు. 1 అని పెట్టారా, పుస్తకంలో ప్రతి అధ్యాయమూ ఒకటో పేజీతో మొదలవుతుంది.

హెడరులో అధ్యాయం పేరు. చేత్తో కొట్టకండి. ఇన్సర్ట్, ఫీల్డ్, మోర్ ఫీల్డ్స్, డాక్యుమెంట్ ట్యాబులో చాప్టర్ ఫీల్డు ఉంది. ఏ పేజీ మీద ఏ హెడింగ్ 1 నడుస్తుందో దాని పేరు తెస్తుంది. హెడరు పేజీ స్టైలుకు చెందినది, పేజీ స్టైలు విషయంలోనూ మాస్టర్‌దే చెల్లుబాటు. అందుకని ఒక అధ్యాయంలో హెడరుగా ‘ఉదయగిరి’ అని టైపు చేస్తే మాస్టర్‌లో అది కనిపించదు.

తెలుగు ఫాంటు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రైటర్ దృష్టిలో తెలుగు కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కిందికి వస్తుంది. స్టైలులో ఫాంట్ ట్యాబు తెరిస్తే వెస్టర్న్ ఫాంటుకు ఒక చోటు, కాంప్లెక్స్‌కు వేరే చోటు ఉంటుంది. వెస్టర్న్ దగ్గర మండలి అని పెట్టి, తెలుగు అక్షరం మారలేదేమని తల పట్టుకుంటారు. ఫాంటు ఒక్కటే కాదు, సైజూ బోల్డూ కూడా రెండుచోట్లా విడివిడి. శీర్షికలో ఇంగ్లీషు అంకెలు లావుగా వచ్చి తెలుగు సన్నగా వచ్చిందంటే కారణం ఇదే. ఆ చోటు అసలు కనపడకపోతే ఆప్షన్స్‌లో భాషల భాగానికి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్కు పెట్టండి. విడివిడిగా ఉండటంలో లాభమూ ఉంది: తెలుగు 12, ఇంగ్లీషు 10.5 పెట్టుకుంటే రెండూ ఒకే ఎత్తులో కుదురుగా కనపడతాయి. ఫాంటును బట్టి అర పాయింటు అటూ ఇటూ.

లైన్ స్పేసింగ్ ప్రొపోర్షనల్‌లో 115 నుంచి 130 శాతం మధ్య ఉంచండి. ఫిక్స్‌డ్ పెట్టి తగ్గించారంటే ‘ర్వ’, ‘స్త్ర’ లాంటి వాటి కింది వత్తులు తెగిపోతాయి. ఫిక్స్‌డ్ తప్పదనుకుంటే 12 పాయింట్ల అక్షరానికి 20 పాయింట్లయినా ఇవ్వండి. సూరన్న, మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు. ఏది ఎంచుకున్నా అది రాసేవాళ్లందరి సిస్టముల్లోనూ ఉండాలి. లేకపోతే వారి దగ్గర వేరే ఫాంటులో కనపడుతుంది, పేజీ లెక్కలు తప్పుతాయి.

నంబరింగు. టూల్స్ మెనూలో హెడింగ్ నంబరింగ్ ఉంటుంది, పాత వెర్షన్లలో చాప్టర్ నంబరింగ్ అనేవారు. లెవెల్ 1కి 1, 2, 3 ఇవ్వండి. బొమ్మల నంబర్లు దీని మీదే ఆధారపడతాయి.

అన్నీ అయ్యాక ఫైల్, టెంప్లేట్స్, సేవ్ యాజ్ టెంప్లేట్. ఈ టెంప్లేటునే అందరికీ పంపండి.

తరవాత టెంప్లేటులో ఏదైనా మారిస్తే, దాని నుంచి పుట్టిన ఫైలు తెరిచినప్పుడు స్టైళ్లు అప్‌డేట్ చేయాలా, పాతవే ఉంచాలా అని అడుగుతుంది. అప్‌డేట్ అనండి. పాతవే ఉంచమని ఒకసారి చెప్పారంటే ఆ ఫైలు ఇక ఎప్పుడూ అడగదు, టెంప్లేటుతో దాని సంబంధం తెగినట్టే. రాసేవాళ్లకు ఈ ఒక్క మాట ఫోను చేసి మరీ చెప్పాలి.

వచ్చిన పాఠాన్ని కడగడం

మన వైపు పాఠం ఎన్ని రకాలుగా వస్తుందో తెలిసిందే. ఒకరు వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపుతారు, ఒకరు వర్డ్ ఫైలు ఇస్తారు, ఇంకొకరు ఎప్పుడో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టించినది ఇస్తారు. అను పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చకుండా అధ్యాయంలో పెట్టకండి. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగులా కనపడుతుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. వెతికితే దొరకదు, విషయసూచికలోకి ఎక్కేసరికి స్టైలు ఫాంటు మారి పిచ్చి గుర్తులైపోతుంది, పదసూచికలో అకారాది వరస అసలే కుదరదు. మార్చాక కూడా వత్తులున్న పదాలు, అరసున్నలు, అంకెలు కంటితో సరిచూడాల్సిందే.

మిగతా ఎవరిదైనా సరే, టెంప్లేటు నుంచి కొత్త ఫైలు తెరిచి కంట్రోల్+ఆల్ట్+షిఫ్ట్+వి నొక్కి ఉత్త పాఠంగా పేస్టు చేయండి. తరవాత శీర్షికకు కంట్రోల్+1, ఉపశీర్షికకు కంట్రోల్+2, మామూలు పాఠానికి కంట్రోల్+0. చేత్తో లావు చేసినవి, సైజు పెంచినవి ఉంటే వాటిని ఎంచుకుని కంట్రోల్+ఎం కొడితే తొలగిపోతాయి. మాస్టర్ స్టైలు చేతి ఫార్మాటింగు మీద గెలవదు. 18 పాయింట్లు బోల్డు చేసిన మామూలు పేరా కంటికి శీర్షికలా ఉంటుంది, విషయసూచికలో మాత్రం ఉండదు. ఒక్కో అధ్యాయానికి హెడింగ్ 1 ఒకటే ఉండాలి.

మాస్టర్‌ను కట్టడం

ఫైల్, న్యూ, మాస్టర్ డాక్యుమెంట్ అని నేరుగా తెరవకండి. అది రైటర్ మామూలు స్టైళ్లతో పుడుతుంది. మన టెంప్లేటు నుంచి ఒక ఖాళీ డాక్యుమెంటు తెరిచి, అందులో ఫైల్, సెండ్, క్రియేట్ మాస్టర్ డాక్యుమెంట్ అనండి. మన స్టైళ్లతోనే మాస్టర్ తయారవుతుంది. ఫోల్డరులో సేవ్ చేయండి.

ఇదే ఆజ్ఞతో ఇప్పటికే ఉన్న 400 పేజీల ఫైలును కూడా విడగొట్టొచ్చు. సేవ్ చేసే కిటికీలో ఏ స్థాయి దగ్గర విడగొట్టాలో అడుగుతుంది, లెవెల్ 1 ఇవ్వండి. ప్రతి హెడింగ్ 1 దగ్గర ఒక ఓడీటీ తెగి, పేరు పక్కన నంబర్లతో అదే ఫోల్డరులో పడుతుంది. అసలు ఫైలుకు నకలు తీసి, ఆ నకలు మీద, కొత్త ఫోల్డరులో చేయండి. శీర్షికలు చేత్తో లావు చేసినవే అయితే ఏమీ తెగదు.

మాస్టర్ తెరవగానే నావిగేటర్ పక్కన వస్తుంది, రాకపోతే ఎఫ్5. అందులో ఇన్సర్ట్ గుర్తు నొక్కి, ఫైల్ ఎంచుకుని, అధ్యాయాలను వరసగా చేర్చండి. ఇన్సర్ట్ చేసింది ఎంచుకున్న లైనుకు పైన పడుతుంది. వరస తప్పితే మూవ్ అప్, మూవ్ డౌన్ ఉన్నాయి, పట్టి లాగినా చాలు. మొదట్లోనే ‘టెక్స్ట్’ అని ఒక ఖాళీ భాగం ఉంటుంది. అధ్యాయాలు కొత్త పేజీలో మొదలవుతాయి గనక ఈ ఒక్క ఖాళీ పేరా ఒక తెల్ల పేజీ తినేస్తుంది. పుస్తకం పేరు, ప్రచురణ వివరాల పేజీ అందులోనే పెట్టేయండి.

విషయసూచికను అధ్యాయంలో కాకుండా మాస్టర్‌లోనే పెట్టాలి: ఇన్సర్ట్ గుర్తు, ఇండెక్స్, టేబుల్ ఆఫ్ కంటెంట్స్. పదసూచిక కూడా అంతే. పదాలను గుర్తుపెట్టేది అధ్యాయాల్లో, జాబితా పుట్టేది మాస్టర్‌లో. దాని సెట్టింగుల్లో వరస భాష తెలుగు ఇవ్వండి.

పేజీ నంబర్లు ముందుమాటలో రోమన్‌లో, మొదటి అధ్యాయం నుంచి 1 అని కావాలంటే, ముందుమాటకు వేరే పేజీ స్టైలు చేసి దాని నంబరు రకం రోమన్ పెట్టండి. ఆపైన మొదటి అధ్యాయం ఫైలులో, శీర్షిక ఉన్న ఆ ఒక్క పేరాకు మాత్రం ఫార్మాట్, పేరాగ్రాఫ్, టెక్స్ట్ ఫ్లోలో పేజీ నంబరు 1 ఇవ్వండి. స్టైలులో వద్దన్నది ఇక్కడ, ఒకే ఒక్క పేరాకు, సరైనదే. దీనివల్ల ఇంకో మేలు ఉంది: విషయసూచిక రెండు పేజీల నుంచి నాలుగుకు పెరిగినా అధ్యాయాల నంబర్లు కదలవు. మొదటి నుంచీ ఒకే వరస నంబర్లు వాడితే మాత్రం అప్‌డేట్ రెండుసార్లు చేయాలి. మొదటిసారి సూచిక పెరుగుతుంది, రెండోసారి పెరిగిన లెక్కతో నంబర్లు సరవుతాయి.

నంబర్లు, పేజీ సూచనలు

మాస్టర్‌లో కనిపించే అధ్యాయాల పాఠం చదవడానికే, దిద్దడానికి వీలుండదు. నావిగేటర్‌లో ఆ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే అసలు ఫైలు తెరుచుకుంటుంది. అక్కడ దిద్ది, సేవ్ చేసి, మాస్టర్‌లోకి వచ్చి అప్‌డేట్, ఆల్ అనాలి. సేవ్ మరిచిపోయి అప్‌డేట్ కొడితే పాతదే వస్తుంది.

ఆ విడి ఫైలులో ప్రతి అధ్యాయమూ ‘1’ అనే చూపిస్తుంది. ఆరో అధ్యాయమైనా అంతే, దానికి ముందు ఇంకో ఐదున్నాయని ఆ ఫైలుకు తెలియదు కదా. బొమ్మ నంబరు 1.3 అని ఉంటుంది, మాస్టర్‌లో 6.3 అవుతుంది. తప్పుగా ఉందనుకుని చేత్తో 6 అని కొట్టేవాళ్లుంటారు. అట్లా కొట్టిన చోటల్లా, తరవాత అధ్యాయం జరిగినప్పుడు, తప్పు శాశ్వతమైపోతుంది.

బొమ్మకు రైట్ క్లిక్, ఇన్సర్ట్ క్యాప్షన్. కేటగిరీ గడిలో ‘బొమ్మ’ అని తెలుగులోనే టైపు చేయొచ్చు. ఆప్షన్స్‌లో లెవెల్ 1 ఇస్తే అధ్యాయంవారీగా 4.1, 4.2 అని వస్తాయి. పుస్తకమంతా 1 నుంచి 180 దాకా ఒకే వరస కంటే ఇదే మేలని నా ఖచ్చితమైన అభిప్రాయం. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి మూడు సంపుటాల్లో అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంకలనం ఇప్పటికీ చరిత్రకారులకు అక్కరకొస్తోంది. అందులో శాసనాలు తాలూకాలవారీగా ఉంటాయి, తాలూకా పేరూ పక్కన నంబరూ చెబితే శాసనం దొరుకుతుంది. మన పుస్తకంలోనూ కనిగిరి అధ్యాయంలో ఒక కొత్త శాసనం ఫోటో చేరితే కనిగిరి బొమ్మల నంబర్లే జరగాలి, పొదిలి బొమ్మలు కదలకూడదు.

ఫుట్‌నోట్లకు కూడా అదే. టూల్స్‌లో ఫుట్‌నోట్స్ అండ్ ఎండ్‌నోట్స్ దగ్గర కౌంటింగ్‌ను పర్ చాప్టర్ చేయండి, కానీ మాస్టర్‌లో. అధ్యాయంలో చేసిన సెట్టింగు మాస్టర్‌కు పట్టదు.

ఇక ఒక అధ్యాయంలో ‘ఫలానా పేజీ చూడండి’ అని ఇంకో అధ్యాయాన్ని చూపించడం. ఒకే ఫైలులో ఇది రెండు క్లిక్కుల పని, ఇక్కడ కొంచెం చుట్టుతిరుగుడు. కందుకూరు అధ్యాయంలో చూపించాల్సిన మాటను ఎంచుకుని, ఇన్సర్ట్, క్రాస్-రిఫరెన్స్, సెట్ రిఫరెన్స్ దగ్గర ఒక పేరు ఇవ్వండి, ‘కందుకూరు_కోట’ అనుకుందాం. తరవాత ఉదయగిరి అధ్యాయం తెరిచి, అదే కిటికీలో ఇన్సర్ట్ రిఫరెన్స్ ఎంచుకోండి. జాబితాలో ఆ పేరు ఉండదు, ఫైలు వేరు గనక. పేరు గడిలో మీరే అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, పేజీ నంబరు కావాలని చెప్పి ఇన్సర్ట్ చేయండి. అక్కడ ‘రిఫరెన్స్ సోర్స్ దొరకలేదు’ అని ఇంగ్లీషులో ఎర్రర్ పడుతుంది. బెదిరి చెరపకండి. మాస్టర్‌లో అప్‌డేట్ చేశాక దాని స్థానంలో పేజీ నంబరు వస్తుంది. మాస్టర్‌లోనూ ఎర్రర్ అట్లాగే ఉంటే పేరులో తేడా ఉన్నట్టు: గుణింతం గానీ, చివర ఖాళీ గానీ. ఆ పేర్లు పుస్తకం మొత్తంలో రెండుసార్లు రాకూడదు కాబట్టి ముందు ఊరి పేరు, తరవాత విషయం అనే పద్ధతి పెట్టుకోండి, పేర్ల జాబితా ఒక కాగితం మీద రాసి ఉంచండి.

తెగేవి, తప్పేవి

మాస్టర్ తెరిచినప్పుడు లింకులు అప్‌డేట్ చేయాలా అని అడుగుతుంది, లేదా పైన పసుపు పట్టీలో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేశామని చెబుతుంది. అలో అనండి. అనకపోతే పాత పాఠం మీద గంటసేపు ప్రూఫు చూసినట్టవుతుంది.

ఓడీఎం ఒక్కదాన్నే మెయిల్ చేస్తే సరుకులకు బదులు సరుకుల చీటీ పంపినట్టు. ఫోల్డరు మొత్తం జిప్ చేసి పంపాలి. నావిగేటర్‌లో సేవ్ కంటెంట్స్ యాజ్ వెల్ నొక్కి ఉంచితే మాస్టర్ లోపల కూడా పాఠం నకలు ఉంటుంది, అవతలివాళ్లు చదువుకోవడానికైనా పనికొస్తుంది.

రచయిత దిద్ది వాట్సాప్‌లో వెనక్కి పంపిన ఫైలు పేరు చివర బ్రాకెట్లో 1 అని తగిలి దిగుతుంది. మాస్టర్‌కు అది తెలియని ఫైలు. పాతదాన్ని ‘పాతవి’ అనే ఫోల్డరులోకి జరిపి, కొత్తదానికి పాత పేరే పెట్టి, అదే చోట ఉంచాలి. ట్రాక్ చేంజెస్‌తో దిద్దినదైతే ముందు అధ్యాయం ఫైలులోనే అంగీకరించాల్సినవి అంగీకరించి, తిరస్కరించాల్సినవి తిరస్కరించండి. ఎవరైనా ఒక ఫైలు తెరిచి ఉంచితే రెండోవారికి అది రీడ్-ఓన్లీగా వస్తుంది, అది మంచికే. సిస్టం ఆగిపోయినప్పుడు మాత్రం ఫోల్డరులో ‘లాక్’ అని ఉండే చిన్న దాగిన ఫైలు మిగిలిపోతుంది. ఎవరూ తెరవలేదని రూఢి చేసుకుని దాన్ని తీసేయండి.

వర్డ్ సంగతి

వర్డ్‌లోనూ మాస్టర్ డాక్యుమెంటు ఉంది: వ్యూ, అవుట్‌లైన్, షో డాక్యుమెంట్. అక్కడ మాస్టర్ నుంచే ఉపఫైళ్లను దిద్దొచ్చు, చిక్కల్లా అందులోనే. స్టైళ్లు, సెక్షన్ బ్రేకులు ఒకదాన్నుంచి ఒకదానికి పాకి ఫైళ్లు పాడవుతాయన్న పేరు దానికి ఏళ్ల తరబడి ఉంది. వర్డ్ తప్పనిసరైనవాళ్లు ఇన్‌క్లూడ్‌టెక్స్ట్ ఫీల్డు వాడటం నయం. కంట్రోల్+ఎఫ్9 నొక్కితే ఫీల్డు బ్రాకెట్లు వస్తాయి, వాటి మధ్య ఆ ఫీల్డు పేరు, తరవాత కోట్ గుర్తుల్లో ఫైలు దారి. దారిలో ప్రతి బ్యాక్‌స్లాషూ రెండేసి కొట్టాలి, ఒకటే కొడితే ఫైలు దొరకదంటుంది. ఎఫ్9తో తాజా అవుతుంది, ఆల్ట్+ఎఫ్9తో ఫీల్డు, పాఠం మార్చి మార్చి చూడొచ్చు. ముగింపులో అంతా ఎంచుకుని కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్9 కొడితే లింకులు తెగి మామూలు పాఠమవుతుంది. అది నకలు మీద చేయండి, విషయసూచిక కూడా ఆ దెబ్బకు ఉత్త పాఠమైపోతుంది.

ప్రెస్సుకు పంపేముందు

రైటర్‌లో ఒకే ఫైలు కావాలంటే మాస్టర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి ఓడీటీ ఎంచుకోండి. వచ్చిన ఫైలులో అధ్యాయాలు ఇంకా లింకు సెక్షన్లుగానే ఉంటాయి. ఎడిట్ మెనూలో లింక్స్ టు ఎక్స్‌టర్నల్ ఫైల్స్‌లోకి వెళ్లి, అన్నీ ఎంచుకుని బ్రేక్ లింక్ అంటే విడి ఫైళ్లతో సంబంధం పోతుంది. ప్రెస్సుకైతే ఇదంతా అక్కర్లేదు, మాస్టర్ నుంచే నేరుగా పీడీఎఫ్ తీయొచ్చు. ఫాంట్లు పీడీఎఫ్‌లో కలిసిపోతాయి కాబట్టి ప్రెస్సు సిస్టంలో సూరన్న ఉందా లేదా అన్న బెంగ లేదు. ఫోటోలు అచ్చు సైజులో 300 డీపీఐ ఉండాలి, పీడీఎఫ్ ఆప్షన్లలో ఇమేజ్ రిజల్యూషన్ తగ్గించే గడిలో అంతకంటే తక్కువ లేదని చూసుకోండి.

అధ్యాయాలు కుడి పేజీలోనే మొదలవ్వాలనుకుంటే ఫస్ట్ పేజ్ స్టైలు లేఅవుట్‌లో ఓన్లీ రైట్ ఇస్తారు. అవసరమైన చోట రైటర్ ఎడమ వైపు ఒక ఖాళీ పేజీ తనే చొప్పిస్తుంది. పీడీఎఫ్ ఎక్స్‌పోర్టులో ఆటోమేటిక్‌గా చేర్చిన ఖాళీ పేజీలు కూడా ఎగుమతి చేసే గడి టిక్కు లేకపోతే ఆ పేజీలు ఎగిరిపోయి, కుడి పేజీలు ఎడమకు వస్తాయి, మార్జిన్లు తారుమారవుతాయి. ఆ టిక్కు పెట్టాకే మొత్తం పేజీలు లెక్కపెట్టండి. 1/8 డెమ్మీలో ఫారానికి, అంటే మడిచే అచ్చు కాగితం ఒక్కోదానికి, 16 పేజీలు. లెక్క 403 దగ్గర ఆగితే 416 పేజీల కాగితం ఖర్చు ఎట్లాగూ పడుతుంది. ఆ 13 పేజీల్లోకి పదసూచికను అక్షరం పెంచి సర్దడమో, లేక ఫోటోలు కాస్త తగ్గించి మూడు పేజీలు కోసి 400 దగ్గర 25 ఫారాలకు తేవడమో, మాస్టర్ తెరిచి ఉండగానే తేల్చుకోండి.